ముఖ్య అతిథి కోసం ఆగని ఆకులు

వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "మేడం, మీ అనుభవం రెండు ముక్కల్లో చెప్పండి" అంటారు. రెండే ముక్కలు కావాలంటే ఇవిగో: సిగ్గుగా ఉంది. ఇంకా ఓపిక ఉంటే కింద రాసింది చదవండి.

నాకు ఎప్పుడు ఏ స్కేలు వచ్చింది, నన్ను ఎవరు ఎక్కడికి బదిలీ చేయించారు, ఆ గోల రాయను. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో ఏడాది చదువు పోగొట్టుకున్న బ్యాచ్ మాది. తర్వాత ఎమ్మెస్సీ పూర్తి చేసి కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో చేరాను. చివరి ఏళ్ళు ఆదిలాబాద్‌లో పనిచేసి దిగిపోయాను. ఇన్నేళ్ళూ నేను పాఠాలు చెప్పాననే అనుకున్నాను. నాకు పాఠం చెప్పింది మాత్రం కాలేజీ గేటు పక్కనున్న నిద్రగన్నేరు చెట్టు, బోథ్ నుంచి వచ్చిన ఒక పిల్ల.

నాలుగున్నర బస్సు

మాది హుస్నాబాద్ దగ్గర భూములున్న ఇల్లు. బాపు నన్ను చదివించాడు గానీ ఒక్క షరతు పెట్టాడు: "ఎంత పెద్ద నౌకరి చేసినా దీపాలు పెట్టే యాళ్ళకు ఇంట్ల ఉండాలె." పెళ్ళయ్యాక మా అత్తగారు ఆ షరతును అట్లాగే అందుకున్నారు. రోజూ పొద్దున్నే బస్సులో కరీంనగర్ రావడం, నాలుగున్నర బస్సుకి తిరిగి పోవడం. క్లాసు అయిపోయాక ఎవరైనా పిల్ల ఏదైనా అడగబోతే నా నోట వచ్చే మొదటి మాట "బస్సుంది" అనే. ఆ మాట ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు.

ఆకుల నిద్ర కదలికలు డిగ్రీలో పాఠం. ఏళ్ళ తరబడి చెప్పాను. బోర్డు మీద బొమ్మ ముచ్చటగా వేసేదాన్ని, ఇటు విచ్చుకున్న ఆకు, అటు ముడుచుకున్న ఆకు. నిజం ఆకు ముడుచుకునే వేళకు నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తుండేదాన్ని. ప్రాక్టికల్స్ కూడా అంతే. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాసేవారు, వాళ్ళది చూసి ఆ తర్వాతివాళ్ళు. అందరి ఆకులూ ఒకటే వేళకి ముడుచుకునేవి. నేను ఎర్రసిరాతో సంతకం పెట్టేదాన్ని. మా కాలేజీ ఒక్కటే అట్లా ఉండేదని అనుకోకండి. మీ కాలేజీలో ఇప్పుడెట్లా ఉందో మీరే చూసుకోండి.

ఎనభైల నడుమ గంగామణి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ పిల్ల, పత్తి పండించే ఇల్లు, అన్న దుబాయిలో ఉండేవాడు. హాస్టల్లో ఉండి చదివేది. ల్యాబ్ కిటికీలో కుండీలో అత్తిపత్తి మొక్క ఉండేది. ఒకరోజు దాన్ని వేలితో తాకి, "మేడం, మా దిక్కు దీన్ని లాజాళు అంటరు. సిగ్గువడేదని" అన్నది. ఆదిలాబాద్ దిక్కు మాటల్లో మరాఠీ కలుస్తుంది.

"సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట నీళ్ళు పోతాయి, ఆకు వాలుతుంది. అంతే" అన్నాను. క్లాసంతా నవ్వింది.

గంగామణి నవ్వలేదు. "మరి పొటాషియంకు పొమ్మని ఎవలు చెప్తరు మేడం?" అని అడిగింది.

గడియారం చూశాను. "బస్సుంది, రేపు చెప్తా" అన్నాను.

గడప దగ్గర కబురు

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వేసవిలో హైదరాబాద్‌లో లెక్చరర్లకు పెట్టిన శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడి ప్రొఫెసర్ గారిని పట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. మీకూ పనికొస్తుంది కాబట్టి నాకు అర్థమైనంత రాస్తాను.

నిద్రగన్నేరు ఆకుల మొదట్లో చిన్న ఉబ్బెత్తు భాగం ఉంటుంది, పల్వినస్ అంటాం. అందులో ఒక పక్క కణాలు నీళ్ళతో బిగిస్తే ఆకు విచ్చుకుంటుంది. అవి సడలి, రెండో పక్కవి బిగిస్తే ముడుచుకుంటుంది. నీళ్ళు పొటాషియం వెంట నడుస్తాయి. పొటాషియం పోవాలంటే కణం పొరలో దారులు తెరుచుకోవాలి. వెలుతురు ఆ దారులను తానే తెరవదు. కణంలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, వెలుతురును అది పట్టుకుంటుంది. ఎర్రని వెలుతురు పడితే ఒక రూపంలోకి మారుతుంది. ఎరుపుకు ఆవల, కంటికి ఆనీ ఆనని ముదురు ఎరుపు పడితే మళ్ళీ పాత రూపానికి వస్తుంది. గడప దగ్గర నిలబడి కబురు అందుకునే మనిషి లాంటిది. అక్కణ్ణుంచి లోపలికి కబురు చేతులు మారుతూ పోతుంది. పొరలోని కొవ్వు పదార్థం చీలడం, కాల్షియం కదలడం అందులో ఉన్నాయని అప్పుడప్పుడే రాస్తున్నారు. అంతా తేలిపోయిందని ఆయన చెప్పలేదు. తెలియని చోట తెలియదనే అన్నారు. ఆ ఒక్క అలవాటైనా నేర్చుకుని వచ్చి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని పడేది కాదు.

ఆయన ఒక ప్రయోగం చెప్పారు. ఎండలో విచ్చుకుని ఉన్న రెండు నిద్రగన్నేరు రెమ్మలు తీసుకోవాలి. ఒకదానికి కాసేపు ఎర్ర వెలుతురు, రెండోదానికి ఆవలి ఎరుపు వేసి, రెండింటినీ చీకటి పెట్టెల్లో మూయాలి. అరగంటకు తీస్తే మొదటిది ముడుచుకుని ఉంటుంది, రెండోది ఇంకా విచ్చుకునే ఉంటుంది.

కాలేజీ తెరిచాక నేనూ గంగామణీ మొదలుపెట్టాం. పెళ్ళి పందిళ్ళకు వాడే రంగుల గాజుకాగితం కొన్నాం. రెండు పెట్టెలకూ మామూలు బల్బులే పెట్టి, ఒకదానికి ఎర్ర కాగితం, రెండోదానికి ఎరుపూ నీలమూ కలిపి చుట్టాం. రెండు పెట్టెల్లోని ఆకులూ ఒకేలా ఉన్నాయి. మామూలు బల్బులో ఆవలి ఎరుపు బాగా ఉంటుందని, ఎర్ర కాగితం దాన్ని ఆపదని తర్వాత తట్టింది. మొదటి పెట్టెకు ట్యూబ్‌లైటు మార్చాం. ఆ రోజు పెట్టెలు తీసినప్పుడు ఒక రెమ్మ ముడుచుకుని ఉంది, ఒకటి విచ్చుకుని ఉంది. గంగామణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా ఉద్యోగంలో అంత సంతోషం మళ్ళీ రాలేదు.

అదంతా పొద్దుటి పూట జరిగింది. తర్వాత కూడా ఎప్పుడు చేసినా పొద్దున్నే చేశాం. "సాయంత్రం కూడా చేద్దామా మేడం, అప్పుడెట్ల ఉంటదో?" అని ఆ పిల్ల అడిగింది. నేనేమన్నానో మీకు తెలుసు.

కొండగట్టు మీదుగా

ఆ శీతాకాలం కాలేజీలో విజ్ఞాన ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి వస్తున్నాడు. గంగామణికి ఎమ్మెస్సీ చదవాలని కోరిక. వాళ్ళ బాపు భూమన్నకు ఆడపిల్లను డిగ్రీకి పంపడమే ఎక్కువనిపించింది. చివరికి ఒక మాట అన్నాడట: "నేనొచ్చి సూస్త. నువ్వు నేర్చింది నా కండ్లకు అగుపడితే పట్నం తోలిస్త. లేకుంటె పెట్టె సదురుకొని ఇంటికి రావాలె." ఆ పిల్ల చదువంతా ఆ రెండు పెట్టెల మీద పడింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు.

అతిథి పదకొండుకు రావాలి. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, "సార్ తన చేత్తోని స్విచ్ నొక్కాలె. అంతదాంక మొదలుపెట్టొద్దు, సమజైందా?" అన్నారు. మన దగ్గర దీపం వెలిగించాలన్నా, రిబ్బన్ కత్తిరించాలన్నా, ఆఖరికి ఆకు నిద్రపోవాలన్నా ముఖ్య అతిథి చెయ్యి పడాలి. నేను సరేనన్నాను.

ఆ రోజు శనివారం. అతిథి దారిలో కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనానికి ఆగాడు. అక్కడ భోజనం కూడా అయింది. పదకొండు దాటింది, రెండు దాటింది. పిల్లలు ఎండలో గేటు దగ్గర పూలపళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. భూమన్న పొద్దుట్నుంచీ వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు, తెల్ల ధోవతి, తలకు రుమాలు. మధ్యాహ్నం గంగామణి నా దగ్గరికొచ్చి, "మేడం, ఒక్కసారి బాపుకు చేసి సూపిద్దమా? సారు వచ్చినంక మళ్ళ చేద్దం" అని అడిగింది. మంచి మాట. నేనే వద్దన్నాను. ప్రిన్సిపాల్ మేడం చూస్తే ఏమంటారో అని భయం.

నొసట సిందూరంతో అతిథి వచ్చేసరికి పొద్దు వాలింది. ప్రసంగాలయ్యాయి. అంతకుముందే తెచ్చి బల్ల మీద పెట్టిన రెమ్మలు కాస్త వాలినట్టే ఉన్నాయి. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ఆయన స్విచ్ నొక్కాడు, అందరూ చప్పట్లు కొట్టారు. పెట్టెలు మూశాం. ఆయన మిగతా గదులు చూసి వచ్చేసరికి అరగంటైంది. గంగామణి ధైర్యంగా, "సార్, గీ డబ్బల ఆకు ముడుసుకుంటది. గా డబ్బల ఆకు తెరుసుకొనే ఉంటది" అని చెప్పి మూతలు తీసింది.

రెండూ ముడుచుకుని ఉన్నాయి.

"ఏమ్మా, రెండూ నిద్రపోయాయే! నా ప్రసంగం అంత బాగుందా?" అన్నాడాయన. నవ్వులు మొదలయ్యాయి. ఆయన వెంట వచ్చినవాళ్ళలో ఒకడు "గీ డబ్బ, గా డబ్బ" అని ఆ పిల్ల గొంతును వెక్కిరించాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. వెనక వరుసలో భూమన్న కూతుర్నే చూస్తున్నాడు. గంగామణి మూత చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది, నేను ఏదైనా చెప్తానని. నా నోరు పెగల్లేదు. తల కొట్టేసినట్టయింది నాకు.

స్టోర్ రూమ్

అందరూ అతిథిని సాగనంపడానికి పోగానే నేను స్టోర్ రూమ్‌లోకి దూరి తలుపు వేసుకున్నాను. ఫార్మలిన్ సీసాల నడుమ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. నా గురించే ఏడ్చాను. ఇన్నేళ్ళ పేరు పోయిందని, రేపు స్టాఫ్ రూమ్‌లో ముఖం ఎట్లా చూపించాలని.

కాసేపటికి గంగామణి తలుపు తట్టింది. "మేడం, మా బాపు మీతోని ఒక్క ముచ్చట మాట్లాడుతనంటుండు. జర రాండ్రి మేడం."

"బస్సుంది గంగామణీ" అన్నాను, తలుపు తీయకుండానే.

నాలుగున్నర బస్సు ఎప్పుడో పోయింది. అది తనకూ తెలుసు. ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను వెనక గేటు నుంచి బయటపడి ఆఖరి బస్సు పట్టుకున్నాను.

సోమవారం తను క్లాసుకు రాలేదు. "నలుగుట్ల నవ్వులపాలైనవు, ఇగ సాలు" అని వాళ్ళ బాపు పెట్టె సర్దించి తీసుకుపోయాడని హాస్టల్ పిల్లలు చెప్పారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నేను కదల్లేదు. ఏ ముఖం పెట్టుకుని పోతానని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గుపడ్డ మనిషికి అది ఎంత తేలికైన సాకో ఇప్పుడు తెలుస్తోంది.

నన్ను కదిలించింది గంగామణి కాదు. స్టాఫ్ రూమ్‌లో నాకు "ఆకులను పండవెట్టిన మేడం" అని, అంటే నిద్రపుచ్చిన మేడం అని, పేరు పడింది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, ఒంటరిగా ప్రయోగం చేశాను. చక్కగా వచ్చింది. మర్నాడు కూడా వచ్చింది. ఎవరికైనా చూపించాలని ఒళ్ళంతా ఒకటే ఆరాటం. అతిథి దొరకడు. ప్రిన్సిపాల్ మేడం "ఇగ బస్ చెయ్యండి" అన్నారు. ఆ రోజు నా ఓటమి చూసినవాళ్ళలో నేను వెళ్ళి కలవగలిగిన మనిషి ఒక్కడే, భూమన్న.

బోథ్

పెట్టెలు గోనెసంచిలో కట్టుకుని నిర్మల్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. బోథ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లో చెప్పనైనా చెప్పకుండా బయట రాత్రి గడపడానికి సిద్ధపడటం అదే మొదటిసారి. గంగామణి పత్తి చేను నుంచి అప్పుడే వచ్చింది, కొంగుకు దూది అంటుకుని ఉంది. నన్ను చూసి ఒక్క పరుగున వచ్చి సంచి అందుకుంది. "మా మేడం వచ్చింది అవ్వా!" అని వాళ్ళమ్మను పిలుస్తూ ఇల్లంతా వినబడేట్టు అరిచింది.

నేను కాళ్ళు కడుక్కోకముందే పెట్టెలు విప్పబోయాను. గంగామణి ఆపింది.

"ఇప్పుడొద్దు మేడం. గీ యాళ్ళకు చేస్తె రెండూ పండుకుంటయి. పొద్దుగాల చేద్దం."

"నీకెట్లా తెలుసు?"

"ఆ రోజు మీరు లోపటికి పోయినంక నేను ఆ డబ్బల కాడ్నే కూసున్న. మూతలు తీసి, లైటు ఏసి చూసిన, తెరుసుకోలే. ఎందుకట్లయిందో సమజ్ కాలే. ఇంటికొచ్చినంక అన్న దుబాయికెల్లి తెచ్చిన టార్చీకి, ఎమర్జెన్సీ లైటుకు రంగు కాగితాలు సుట్టి, మా వాకిట్ల నిద్రగన్నేరు రెమ్మల మీద దినాం చూస్తున్న. ఒకరోజు పొద్దుగాల, ఒకరోజు పగటీలి, ఒకరోజు పొద్దుగూకే ముంగట. వెలుతురు గదే మేడం. గని ఆకు పొద్దుగాల వింటది, మాపటీలి వినదు. దాని లోపట గూడ ఒక పొద్దు ఉన్నట్టుంది."

నిజమే. కణానికి తనదైన వేళ ఒకటి ఉంటుంది. గడప దగ్గరికి వచ్చిన కబురు ఒకటే అయినా, ఏ వేళకు వచ్చిందన్నదాన్ని బట్టి లోపల జవాబు మారుతుంది. పుస్తకంలో ఆ సంగతి ఉంది, నేను చదివాను కూడా. నేను స్టోర్ రూమ్‌లో నా పరువు కోసం ఏడుస్తున్నప్పుడు ఈ పిల్ల, అందరూ నవ్విన ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఆకులెందుకు తెరుచుకోలేదో చూస్తూ ఉంది. సిగ్గంటే ఏమిటో నాకు తెలిసింది ఆ వాకిట్లో.

పొద్దున్నే చేశాం. చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. అరగంటకు గంగామణి మూతలు తీసింది. ఒక రెమ్మ ముడుచుకుని ఉంది. రెండోది నిండుగా విచ్చుకుని ఉంది. వాళ్ళవ్వ ముక్కున వేలేసుకుంది. గంగామణి మూత చేతిలో పట్టుకుని నన్ను చూసి నవ్వుతోంది.

భూమన్న ఆకులను చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మేడం, గీ ముచ్చట నాకు పూరా సమజ్ కాలే. నా బిడ్డకు సమజైంది, అది కనవడ్తనే ఉన్నది. నాకొక్కటి చెప్పుండ్రి. ఆ రోజు నేను మాట్లాడుతనంటె మీరు రాలే. ఇయ్యాల గింత దూరం వచ్చిండ్రు. నా బిడ్డ కోసం వచ్చిండ్రా, మీ ఇజ్జత్ కోసం వచ్చిండ్రా?"

నీ బిడ్డ కోసమే అనొచ్చు. అందరూ నమ్మేవాళ్ళు. కానీ ఆయన కళ్ళలోకి చూసి ఆ మాట అనలేకపోయాను.

"ఇజ్జత్ కోసమే వచ్చిన భూమన్నా" అన్నాను. "ఆ రోజు తప్పు నాది. మీ బిడ్డ మధ్యాహ్నమే చేద్దామన్నది, నేనే వద్దన్న."

ఆయన తలూపాడు. "నిజం చెప్పిండ్రు. ఆయితారం నేనే తీస్కొచ్చి హాస్టల్ల దిగవెడ్త" అన్నాడు.

నేను గంగామణి వైపు చూశాను. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. నేను తన కోసమే వచ్చాననుకుంది. నిన్నటి నుంచీ అదే అనుకుంటూ ఉంది. చేతిలోని మూతను నెమ్మదిగా పెట్టె మీద పెట్టి, లోపలికి వెళ్ళి నా సంచి సర్దసాగింది.

బాకీ

ఆదివారం ఆమె తిరిగొచ్చింది. డిగ్రీ అయింది, పట్నంలో ఎమ్మెస్సీ కూడా అయింది. ఇప్పుడు తనూ పాఠాలు చెప్తోంది. తన క్లాసు పిల్లలు సాయంత్రం చీకటిపడే దాకా చెట్టు కింద కూర్చుని ఆకులు ముడుచుకోవడం చూసిపోతారని విన్నాను. కొత్తగా చేరేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఎవరి దగ్గరైనా ఉంటే ఆమె దగ్గర ఉంది. నా దగ్గర ఉన్నవి ఇవే: మీ వీలు చూసుకుని కాకుండా ఆకు వీలు చూసుకుని ప్రయోగం చేయండి. ఏ అతిథి కోసమూ ఆపకండి. తప్పినప్పుడు, అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ బల్ల దగ్గరే ఉండండి. మీ పక్కన నిలబడ్డ పిల్ల మీ వైపు తిరిగి చూసిందంటే, ఏదో ఒకటి మాట్లాడండి.

గంగామణికి నా మీద గౌరవం తగ్గలేదు. కరీంనగర్ దిక్కు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తుంది, పండ్లు తెస్తుంది, వంగి కాళ్ళకు దండం పెడుతుంది. ఆ వాకిట్లో జరిగింది ఒక్కనాడూ ఎత్తలేదు. నేను కుర్చీ జరిపి, "కూసో గంగామణీ, జరసేపు మాట్లాడుకుందాం" అంటాను. అన్నప్పుడల్లా తను గుమ్మంలోనే నిలబడి, నన్ను నొప్పించకుండా నవ్వి, ఒకటే మాట అంటుంది.

"లేదు మేడం, బస్సుంది."